మరణ కారణం

పాస్టరు యేసురత్నం స్కూటరు దిగేసరికే శవానికి స్నానం అయిపోయింది. తెల్ల చొక్కా తొడిగేశారు. జుట్టుకు నూనె రాసి పాపిడి తీసేశారు. కుడి చేతికి మాత్రం మణికట్టు నుంచి వేళ్ళ చివరల దాకా గుడ్డ చుట్టి, దాన్ని ఎడమ చేతి కింద పెట్టారు.

పదిన్నర అయింది. ఆయన పొద్దున్నే పేటలోని ఒక క్షయ రోగిని వెనక కూర్చోబెట్టుకుని అమలాపురం ఏరియా ఆసుపత్రికి వెళ్ళాడు. ఆమెను కఫం పరీక్ష లైనులో నిలబెట్టి ఉండగా ఫోను మోగింది. "శ్యామ్ బాబు పోయేడండి. గుండెపోటండి. మీరు తొందరగా వచ్చెయ్యాలండి" అని ఒక్క గుక్కలో చెప్పి పెట్టేశాడు సాలమోను. శ్యామ్ బాబుకి ముప్పై ఒక్క ఏళ్ళు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పైకెక్కి, జారిపోయిన పెంకులు సర్ది, చేతులు దులుపుకుంటూ దిగాడు. గుండెలో జబ్బున్న మనిషి అలా దిగడు అనుకున్నాడు యేసురత్నం దారిలో. అనుకున్న వెంటనే ఆ ఆలోచనను పక్కకి తోసేశాడు.

అల్లవరం మండలంలో సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది మొగలిమూల పేట. నలభై రెండిళ్ళు. అన్నీ ఆంగ్లికన్ మిషనరీల కాలంలో క్రైస్తవంలోకి వచ్చిన కూలి కుటుంబాలే. ఒకప్పుడు వీళ్ళు నాట్లు వేసిన చేలన్నీ ఇప్పుడు రొయ్యల చెరువులు. అందులో ముప్పావు వంతు రాజేంద్రప్రసాద్ గారివి. శ్యామ్ బాబు ఆయన దగ్గర నాలుగు చెరువులకి కాపలా. మేత చల్లాలి, రాత్రీ పగలూ నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా చూడాలి, గట్టు మీద పాకలోనే పడుకోవాలి. నెలకి పద్నాలుగు వేలు. సాలమోను ఆ చెరువులన్నిటికీ సూపర్‌వైజరు. చర్చి కమిటీకి కార్యదర్శి కూడా అతనే.

వాకిట్లో టెంటు కింద జనం దారి ఇచ్చారు. శవం తల దగ్గర కూర్చున్న సుందరమ్మ తల ఎత్తింది. ఆమె శ్యామ్ బాబు తల్లి. ఏడవడం లేదు.

"అయ్యగారూ, నా కొడుకు సెయ్యి నాకు సూపించట్లేదండి."

"చెప్పేను కదా పిన్నీ" అన్నాడు సాలమోను వెనకనుంచి. "పడ్డప్పుడు రేకు గీసుకుందని."

"గీసుకుంటే తల్లి సూడకూడదా?"

అందరూ యేసురత్నం వైపు చూశారు. ఆయనకి ఏం చెప్పాలో తోచనప్పుడు చేసే పని ఒకటే. "ప్రార్థన చేసుకుందామమ్మా" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఆయన గొంతు ఎప్పటిలాగే సాగిపోతోంది. ఇరవై ఆరేళ్ళుగా ఇలాంటి వాకిళ్ళలో పలికిన మాటలవి, వాటంతట అవే వస్తాయి. మధ్యలో ఎందుకో కళ్ళు కొంచెం తెరిచాడు. అంతమంది కళ్ళు మూసుకుని ఉండగా సుందరమ్మ ఒక్కతే కొడుకు చేతి గుడ్డ విప్పుతోంది. చప్పుడు లేకుండా, చుట్టు తర్వాత చుట్టు. ఆఖరి చుట్టు ఊడిపోయింది. అరచేతి నడుమ రూపాయి బిళ్ళంత నల్లటి గొయ్యి ఉంది. దాని అంచులు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. వేళ్ళు దేన్నో పట్టుకుని వదలనట్టు ముడుచుకుపోయాయి.

సుందరమ్మ తల ఎత్తి ఆయన కళ్ళలోకి చూసింది.

యేసురత్నం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాడు. అందరూ కళ్ళు తెరిచేసరికి ఆ చెయ్యి మళ్ళీ గుడ్డలో ఉంది.

"పది రోజుల్నించీ సెప్తానే ఉన్నారండి" అంది శ్యామ్ బాబు భార్య సుప్రియ, గోడకి ఆనుకుని, ఎవరినీ చూడకుండా. "ఆ ఏరియేటర్ల స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటంది, బాగు సేయించండి, సేయించండి అని."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అని సాలమోను యేసురత్నం మోచెయ్యి పట్టుకుని సందులోకి తీసుకెళ్ళాడు. అతని చొక్కా చెమటకి తడిసి వీపుకి అతుక్కుపోయింది. "గొయ్యి తవ్వేసేరండి. పెట్టె అమలాపురంలో బయలుదేరింది. ఒంటిగంటకల్లా కానిచ్చేద్దావండి. ప్రసాద్ గారు మీ ఇంటి కాడ కూర్చున్నారు. మీతో ఒక మాట మాటాడాలంట."

"సాలమోను గారూ, ఆ చెయ్యి..."

"మీరు ముందు ఆయన్ని కలవండి అయ్యగారూ." సాలమోను గొంతు బతిమాలుతున్నట్టు ఉంది. "నాకూ పిల్లలున్నారండి."

చర్చి పక్కనే పాస్టరు గారిల్లు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న రాజేంద్రప్రసాద్ గారు యేసురత్నాన్ని చూడగానే లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. అరవై ఏళ్ళ మనిషి, అంత ఆస్తి ఉన్నవాడు అలా లేచి నిలబడడంతో యేసురత్నం మెట్టు మీదే ఆగిపోయాడు.

"రండి అయ్యగారూ, రండి. ఎండన పడి వచ్చేరు. అమ్మగారూ, ముందు అయ్యగారికి మంచినీళ్ళివ్వండి."

సొంత ఇంట్లో తనకే ఆయన మర్యాద చేస్తున్నారు. భార్య హేమ గ్లాసు తెచ్చి ఇచ్చి, తలుపు పక్కనే నిలబడిపోయింది. ఆ నీళ్ళు కూడా ఆయన చర్చి ఆవరణలో పెట్టించిన శుద్ధి యంత్రంలోవే. చెరువుల వల్ల పేట బావులు ఉప్పెక్కిపోయినప్పుడు యేసురత్నమే వెళ్ళి అడిగాడు. ఆయన వెంటనే పెట్టించారు. ఆ యంత్రం గది గోడ మీద నీలం అక్షరాలతో దాత పేరు రాయించారు. సాయంకాలం బడికి బల్లలు, తుఫానులో చర్చిలో తలదాచుకున్న వాళ్ళకి బియ్యం, మరుగుదొడ్లకి సిమెంటు కూడా అలాగే వచ్చాయి. పదకొండేళ్ళలో యేసురత్నం ఈ పేటకి చేసిన మంచి పనుల్లో ఈయన తల ఊపకుండా జరిగింది ఒక్కటీ లేదు.

"పాపం, చాలా మంచి కుర్రోడండి" అన్నారు రాజేంద్రప్రసాద్ గారు. "గుండె జబ్బుకి వయసుతో పనేవుంది చెప్పండి."

"ఆయ్" అన్నాడు యేసురత్నం. అన్నాక గాని తను అన్నట్టు తెలియలేదు.

"భార్యా పిల్లల సంగతి నేను చూసుకుంటానండి. మీరేం బెంగెట్టుకోవద్దు. మీ రిజిస్టర్లో కూడా అదే రాసేస్తే సరిపోద్ది. పంచాయతీ వాళ్ళు మరణ పత్రానికి మీరు రాసిందే చూస్తారంట కదండీ."

యేసురత్నం గ్లాసు కింద పెట్టాడు. "నేను... చెయ్యి చూసేనండి."

రాజేంద్రప్రసాద్ గారు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తీరుబడిగా తుడుచుకున్నారు.

"చూసేరా." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "ఒక మాటడుగుతాను, చెడ్డగా అనుకోకండి. మీ గుడికి వచ్చే ఇళ్ళెన్నండి?"

"నలభై రెండండి."

"వాళ్ళ కాగితాల్లో ఏవుందండి? హిందూ, ఎస్సీ అనుంది. పిల్లలు గురుకులాల్లో చదువుకుంటున్నారు. ఐదారుగురు ఉజ్జోగాల్లో ఉన్నారు. మీ రిజిస్టర్లో మాత్రం వాళ్ళందరి బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ ఉన్నాయి. రేపు పోలీసులొస్తే మీ రిజిస్టరు పట్టికెళ్తారు. పట్టికెళ్తే ఎవరో ఒకరు తిరగేస్తారు. అక్కణ్ణించి ఎమ్మార్వో ఆఫీసుకి ఎంత దూరవండి? నేను చేస్తానని కాదు సుమండీ. మీకు తెలిస్తే మంచిదని."

క్రైస్తవుడని తేలితే ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లదన్న సంగతి మొగలిమూలలో బడికెళ్ళే పిల్లలకి కూడా తెలుసు. ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు పెట్టుకుని మూడు తరాలుగా బతుకుతున్నారు. ఆ రెండు పేర్లూ ఎక్కడా కలవకుండా చూడడమే పేటలో అందరి పనీ. ఆ రెండూ కలిసే చోటు ఒక్కటే ఉంది. ఆ రిజిస్టరు యేసురత్నం బీరువాలో, ఆయన తాళం కింద ఉంది.

రాజేంద్రప్రసాద్ గారు మెట్లు దిగుతూ వెనక్కి తిరిగారు. "శ్మశానానికి దారి మన గట్టు మీదే కదండీ. కుర్రాళ్ళతో చెప్పేను, దారిలో ఏ ఇబ్బందీ రాకుండా కూడా ఉండి చూసుకోమని. వెళ్ళొస్తానండి, అమ్మగారూ."

కారు వెళ్ళిపోయింది. రెండు మోటారు సైకిళ్ళు మాత్రం చర్చి గేటు ముందు ఆగి ఉన్నాయి. వాటి మీద నలుగురు కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.

యేసురత్నం చర్చిలోకి వెళ్ళి వెనక గది తలుపు వేసుకున్నాడు. బీరువా తెరిచి, రిజిస్టరు బల్ల మీద పెట్టి, వెనక ఉన్న భూస్థాపనల పేజీలు తీశాడు. పేరు, వయసు, మరణించిన తేదీ, మరణ కారణం, భూస్థాపన తేదీ, జరిపించిన గురువు సంతకం. గళ్ళన్నీ అచ్చుపడి ఉన్నాయి. శ్యామ్ బాబు పేరు రాశాడు. వయసు రాశాడు. తేదీ రాశాడు. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

అదే పేజీలో, పైన ఆరో వరసలో ఇంకో పేరుంది. జాన్. ఇరవై నాలుగేళ్ళు. గుండెపోటు. రెండేళ్ళ కిందటిది, తన చేతిరాతే. అప్పుడూ చెరువే, అప్పుడూ తెల్లవారుజామే. అప్పుడూ ఇదే మాట సాలమోను తెచ్చాడు. ఆ రోజు యేసురత్నం చేతులూ కాళ్ళూ చూడలేదు. చూడకుండా ఉండడానికి చాలా జాగ్రత్తపడ్డాడు.

హేమ లోపలికి వచ్చింది. రిజిస్టరు వైపు చూసింది.

"జాన్ని మట్టి చేసిన రోజు మీరు అన్నం తిన్లేదు" అంది. "ఎందుకని నేనడగలేదు. అడిగితే చెప్తారేమోనని భయం."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసండి. మనల్ని మహా అయితే ఇంకో ఊరు మారుస్తారు. వీళ్ళెక్కడికి పోతారు? పిల్లలు రోడ్డున పడితే మన ముఖం చూస్తారా?" ఆమె రిజిస్టరు మీంచి చూపు తిప్పుకుంది. "రాసెయ్యమని కూడా నేను చెప్పలేనండి. నా నోట అనిపించకండి."

ఆయన ఈ ప్రాంతపు చర్చిలన్నిటికీ పైనున్న డివిజను చైర్మను గారికి ఫోను చేశాడు. ఆయన కూడా గురువే, తన కంటే పెద్దవాడు. అంతా విని, "ముందు భూస్థాపన కానివ్వండి రత్నం గారూ. తర్వాత చూద్దాం. గొడవల్లో సంఘం పేరు రాకూడదు" అన్నాడు. తర్వాత అంటే మట్టి కింద అని ఇద్దరికీ తెలుసు. పోలీసుల నంబరు నొక్కాడు. ఒక్క రింగు పూర్తి కాకుండానే కట్ చేసి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. మూత్రానికి వెళ్ళాలనిపించింది. వెళ్ళొచ్చాక మళ్ళీ వెళ్ళాలనిపించింది.

భయం ఆయనకి కొత్త కాదు. వాళ్ళ నాన్న రాజోలు దగ్గర ఒక ఊళ్ళో చర్చి ఉపదేశి. కామందుల వాకిళ్ళలో తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడేవాడు. కొడుకు తెల్ల అంగీ తొడుక్కుంటే అలా నిలబడక్కర్లేదని అనుకున్నాడు. యేసురత్నానికి అందరూ కుర్చీ వేస్తారు, అది నిజమే. కుర్చీలో కూర్చుని కూడా నాన్నలాగే మాట్లాడుతున్నానని ఈ వేళ వరండాలో అర్థమైంది.

పెట్టె వచ్చింది. శవాన్ని ఎత్తే ముందు ఆయన సుప్రియని ఇంటి వెనకకి పిలిచాడు. ఉన్నదంతా చెప్పాడు. చెయ్యి చూసినట్టు, పోలీసులొస్తే ఏమవుతుందో, కాగితాల సంగతీ దాచకుండా చెప్పాడు. ఆమె పెద్దకూతురు గురుకులంలో ఆరో తరగతి. పొద్దున్న కబురందుకుని వచ్చి, యూనిఫారం కూడా మార్చుకోకుండా గుమ్మంలో కూర్చుని ఉంది. సుప్రియ కూతురి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నన్నడక్కండయ్యగారూ. నా బుర్ర పనిసెయ్యట్లేదండి. మీరెలాగంటే అలాగేనండి."

వద్దంటుందని ఆశపడ్డాడు ఆయన. ఆమె వద్దంటే, ఆమె మాట ప్రకారం మట్టి చేసి, పాపం ఆమె కోసమే అనుకుని ఇంటికి పోవచ్చు. ఆమె ఆ వీలు ఇవ్వలేదు.

ఒకటిన్నరకి చర్చి గంట కొట్టారు. జనం గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడిచారు. ముందొక మోటారు సైకిలు, వెనకొక మోటారు సైకిలు, నడకంత మెల్లగా. రెండు వైపులా చెరువులు. ఏరియేటర్ల రెక్కలు నీళ్ళని కొడుతున్న చప్పుడులో పాట వినిపించడం లేదు. శ్యామ్ బాబు పడిపోయిన చెరువు దగ్గరికి వచ్చేసరికి యేసురత్నం తల తిప్పి చూశాడు. స్తంభానికి కొత్త స్టార్టర్ డబ్బా బిగించి ఉంది. మీద అట్ట కాగితం కూడా ఇంకా తీయలేదు. కింద నేల ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది.

పాత డబ్బా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇక మిగిలింది పెట్టెలో ఉన్న ఆ చెయ్యి ఒక్కటే. ఇంకో పావుగంటలో అదీ ఉండదు.

శ్మశానం రెండు చెరువుల మధ్య మిగిలిన ఇసుక దిబ్బ. మూడడుగులు తవ్వితే చెరువు నీళ్ళు ఊరతాయి. ఒకడు గొయ్యిలో దిగి బకెట్టుతో నీళ్ళు తోడి పైకి పోస్తున్నాడు. తోడుతుంటే ఊరుతున్నాయి. గట్టు మీద, నూరు గజాల అవతల, రాజేంద్రప్రసాద్ గారి కారు ఆగింది. అద్దాలు ఎత్తే ఉన్నాయి.

పెట్టెని గొయ్యి పక్కన దించారు. సాలమోను తాళ్ళు సర్దాడు. యేసురత్నం ప్రార్థనల పుస్తకం తెరిచాడు. అందరూ తలలు వంచుకున్నారు. ఎదురుగా జాన్ తల్లి దీవెనమ్మ ఉంది. ఆమె మాత్రం తల వంచలేదు. ఆమె నిలబడింది కొడుకు సమాధి పక్కనే.

ఆయన పుస్తకం మూశాడు.

"నేను ఈ భూస్థాపన చెయ్యను" అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. ఏరియేటర్ల హోరులో ఆ మాట ఆయన నోటి దగ్గరే ఆగిపోయింది. పాట ఎత్తమంటున్నారేమోనని ఒకామె గొంతు సవరించుకుంది. మళ్ళీ అనాలంటే మొదటిసారి కంటే భయమేసింది.

"నేను చెయ్యను" అని ఈసారి అరిచాడు. అరుపు వికారంగా, ఆడగొంతులా వచ్చింది. "శ్యామ్ బాబుది గుండెపోటు కాదు. కరెంటు కొట్టింది. చెయ్యి నేను చూసేను. డాక్టర్లు చూడకుండా మట్టి చెయ్యను."

తలలన్నీ లేచాయి.

"జాన్‌ది కూడా..." అని ఆగిపోయాడు. దీవెనమ్మ వైపు చూడలేకపోయాడు. చూశాడు. "జాన్‌ది కూడా గుండెపోటని నేనే రాసేనమ్మా. చూడకుండా రాసేను. చూస్తే రాయలేనని తెలిసే చూడలేదు."

దీవెనమ్మ ఒక అడుగు ముందుకి వేసింది.

"ఆడికి తానం సేయించింది నేనేనండి" అంది దీవెనమ్మ. కోపం లేదు ఆ గొంతులో. "కాళ్ళ కింద కాలిపోయి ఉంది. నాకు తెలీకుండా ఎలాగుంటదండి? మీకు తెలుసో తెలీదోనని రెండేళ్ళనించీ పెతి ఆదివారం మీ మొకం సూత్తానే ఉన్నానండి."

యేసురత్నం ఈసారి చూపు తిప్పుకోలేదు.

"మరి మా పిల్లల కాగితాల మాటేంటండి?" వెనకనుంచి ఎవరో కేకేశారు. "కేసవుద్ది, రిజిస్టరు పట్టికెళ్తారంట! మా ఓడిది పోలీసు సెలెక్షనండి అయ్యగారూ!"

"మాకు అన్యాయం సెయ్యకండయ్యగారూ" అంది ఇంకో గొంతు. అది ఏడుపు గొంతు. ఆ మాట వెంట చాలా గొంతులు లేచాయి. కొందరు పెట్టె దగ్గరికి జరిగారు, కొందరు వెనక్కి జరిగారు.

"నాకు తెలీదు" అన్నాడు యేసురత్నం. "రిజిస్టరు ఇవ్వనంటాను. ఆ బీరువా తాళం నా దగ్గరుంటది, నన్ను పట్టుకెళ్ళమంటాను. అప్పటికీ లాక్కుంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. నాక్కూడా భయంగానే ఉంది. ఇంతకు మించి నా దగ్గర లేదు."

అందరి ముందూ జేబులోంచి ఫోను తీశాడు. వేలు తడికి జారింది, రెండుసార్లు నంబరు తప్పు పడింది. మూడోసారి పోలీసులకి కలిసింది. స్పీకరు నొక్కాడు, అందరూ వింటుంటే తను మధ్యలో పెట్టేయలేనని.

"ఎక్కణ్ణించండి?" అంది అటువైపు ఆడగొంతు. చెప్పాడు. "ఎలా చనిపోయేరండి?" చెప్పాడు. "మీ పేరండీ?"

కారు తలుపు తెరుచుకుంది. రాజేంద్రప్రసాద్ గారు దిగి, గట్టు మీద నిలబడ్డారు. అక్కణ్ణించే చూస్తున్నారు. మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు.

"మీ పేరు చెప్పండి సార్."

"యేసురత్నం. రెవరెండ్ పెనుమాల యేసురత్నం."

"చనిపోయినాయనకి మీరేవవుతారండి?"

ఆ ప్రశ్నకి ఆయన తడుముకున్నాడు. "వాళ్ళ గుడి అయ్యగారినండి" అన్నాడు.

ఫోను పెట్టేశాక సాలమోను ముందుకొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. గట్టు వైపు ఒకసారి చూసి, గొంతు పెంచాడు. "అయ్యగారికి ఎండకి ఒంట్లో బాలేదండి. ఏదేదో మాటాడేత్తన్నారు. ప్రార్థన నేను చేత్తాను. తాళ్ళు పట్టండర్రా, దింపేద్దారి."

ముగ్గురు మగవాళ్ళు వంగి తాళ్ళు అందుకున్నారు. వాళ్ళకి పనులిచ్చేది సాలమోనే. యేసురత్నం పెట్టెకి అడ్డం వెళ్ళాడు గాని, మోటారు సైకిలు కుర్రాళ్ళలో ఒకడు ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా పక్కకి జరిపాడు. "మీరుండండి సార్, మీకెందుకు" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. ఆ చేతి బరువుకి యేసురత్నం కదలలేకపోయాడు.

పెట్టె నేల మీంచి లేచింది.

అప్పటిదాకా ఇసుకలో కూర్చున్న సుందరమ్మ లేచింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. నలభై ఏళ్ళు నాట్లు వేసిన మనిషి, బురదలో దిగడం ఆమెకి కొత్త కాదు. గొయ్యి అంచున చెయ్యి ఆనించి, ఒక కాలు, తర్వాత రెండో కాలు పెట్టి లోపలికి దిగిపోయింది. బకెట్టు వాడు బెదిరి పైకెక్కేశాడు. ఆమె ఆ నీళ్ళలోనే బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"దింపరా సాలమోనూ" అంది తల పైకెత్తి. "దింపు."

తాళ్ళు పట్టుకున్న వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెట్టె మళ్ళీ గొయ్యి పక్కన ఇసుక మీదకి దిగింది. సాలమోను గట్టు మీదకి చూశాడు. రాజేంద్రప్రసాద్ గారు చేత్తో సైగ ఏదీ చెయ్యలేదు. ఊరికే నిలబడి ఉన్నారు. దానికి అర్థమేమిటో సాలమోనుకి అందలేదు.

"పిన్నీ, పైకి రా పిన్నీ" అన్నాడు. "నన్నేం చెయ్యమంటావు?"

ఆమె కొంగు నడుముకి బిగించుకుంది.

యేసురత్నం భుజం మీది చెయ్యి ఎప్పుడు తీసేశారో ఆయన చూసుకోలేదు. గొయ్యి అంచుకి వెళ్ళి కూర్చున్నాడు. కాళ్ళు లోపలికి వేలాడదీశాడు. తెల్ల అంగీ అంచు గొయ్యి గోడల తడికి నాని బరువెక్కింది. రెండు మూరల కింద ఆమె ముఖం కనిపిస్తోంది. అల్లవరం స్టేషను నుంచి ఇక్కడికి నలభై నిమిషాల దారి. పోలీసులు వస్తారో రారో, వస్తే ఎవరి మాట వింటారో ఆయనకి తెలియదు. గడియారం చూసుకోవడానికి ధైర్యం చాలలేదు.

జనంలో ఎవరూ ఇంటికి పోలేదు. దగ్గరికీ రాలేదు. కుర్రాళ్ళలో ఒకడు బండి స్టార్టు చేసి మళ్ళీ ఆపేశాడు. యూనిఫారంలో ఉన్న పిల్ల తల్లి కొంగు పట్టుకుని గొయ్యి వైపే చూస్తోంది. సుప్రియ ఆ పిల్ల ముఖాన్ని తన వైపుకి తిప్పుకోలేదు.

సుందరమ్మ నడుం దాకా నీళ్ళెక్కాయి. బకెట్టు గొయ్యి అంచు మీదే ఉంది. ఎవరూ తోడలేదు.